ఆకాశంలో బతుకమ్మను పక్క నుంచి తీయాలి

దసరా దగ్గర పడుతోందంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "మేడం, రావణుని కాడ పటాకుల ఫొటోలు తీయాలె. సెట్టింగులు జర చెప్తరా?" చెబుతాను. స్టాండు వేయండి. ఫ్లాష్ ఆపండి. ఐఎస్ఓ వంద దాటనివ్వకండి. లెన్సు రంధ్రం పదకొండు దగ్గర పెట్టండి. వెలుతురు ఉండగానే దూరానికి ఫోకస్ కట్టి, అది కదలకుండా టేపు అంటించండి. షట్టరు బల్బులో, అంటే నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండేలా పెట్టి, కేబుల్‌తో నొక్కండి. "గింతేనా మేడం?" అంటారు కొంచెం నిరాశగా. గింతే. సెట్టింగులు అగ్గిపెట్టె వెనక రాసుకుంటే సరిపోతాయి.

మిగతాది ఫోన్లో చెప్పేది కాదు. అది చెప్పాలంటే యాదగిరి సంగతి చెప్పాలి. అతను బాణసంచా చేసే మనిషి. ఊరంతా తలెత్తి చూసే పువ్వును తన చేతులతో చేసి, తను మాత్రం ఒక్కసారి కూడా చూడనివాడు. ఫొటో ఎందుకు తీస్తామో నాకు అతని వల్ల తెలిసింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం ఆ సంగతి రాస్తున్నాను. నాకొచ్చిన శాలువాల గురించి ఇందులో ఏమీ ఉండదు.

నా వంతుకు ఆకాశం

నేను హనుమకొండలో ఒక స్టూడియోలో చేరింది కెమెరా పట్టడానికి కాదు. నెగెటివ్‌ల మీద సన్నని పెన్సిలుతో మొటిమలు, మచ్చలు పూడ్చే పనికి చేరాను. చేయి నిలకడగా ఉండాలి, కన్ను తొందరపడకూడదు. ఆ రెండూ నాకు ఉన్నాయి. పెళ్లిళ్లలో ఆడవాళ్ల మధ్యకు వెళ్లి ఫొటోలు తీసేందుకు ఒక ఆడమనిషి కావాల్సి వచ్చినప్పుడు మా యజమాని శంకర్ సారు నా చేతికి కెమెరా ఇచ్చారు.

శంకర్ సారు ముఖాలు తీయడంలో గట్టివారు. కుర్చీలో కూర్చున్న మనిషి గడ్డం ఎంత ఎత్తితే మెడ ముడతలు పోతాయో ఆయనకు తెలుసు. ఆకాశం గురించి మాత్రం ఆయనకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలనే కోరికా లేదు. దసరా రోజు మైదానంలో వేదిక మీద పెద్దలకు దండలు వేసే ఫొటోలు ఆయన తీసుకునేవారు. రావణుడిని కాల్చాక పేల్చే బాణసంచా ఫొటోలు కూడా రెండు మూడు కావాలని ఉత్సవ కమిటీ అడిగేది. ఆ పని ఎవరికీ ఇష్టం లేదు. అందుకే నాకు వచ్చింది.

"ఎట్ల తియ్యాలె సారు?" అని అడిగాను.

"ఏమున్నదమ్మా, పైకి చూసి ఫ్లాష్ కొట్టు."

కొట్టాను. రీలు కడిగితే నల్లటి ఫ్రేముల్లో అక్కడక్కడా ముందు నిలబడ్డవాళ్ల బట్టతలలు మాత్రం తెల్లగా మెరుస్తూ వచ్చాయి. ఆకాశానికి మన ఫ్లాష్ అక్కర్లేదు. అక్కడ వెలుగు దానిది అదే తెచ్చుకుంటుంది. మనం తలుపు తీసి పెట్టుకుని కూర్చోవాలి, అంతే. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఒక రీలు పాడు చేసుకుని తెలుసుకున్నాను.

శంకర్ సారు ఒక మంచి మాట కూడా చెప్పారు, అదీ చెప్పాలి. నేను ఉత్త ఆకాశం, ఉత్త మెరుపులు తీసుకొచ్చి సంబరంగా చూపిస్తే ఆయన ప్రింటును బల్ల మీద పడేసి, "గిది ఓరుగల్లు ఆకాశమా, బొంబాయి ఆకాశమా? ఎట్ల ఎరుక?" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ కింద కొంచెం జాగా వదలకుండా ఫొటో తీయలేదు. జనం తలలు, భుజాల మీద పిల్లలు, సగం కాలిన రావణుడి వెదురు బద్దలు, ఏదో ఒకటి ఫ్రేములో ఉండాలి. పువ్వు ఎంత పెద్దదో చెప్పేది కింద ఉన్న తలకాయే.

చీపురు

యాదగిరిది ఎనుమాముల అవతల చిన్న ఊరు. వాళ్ల నాన్న కాలం నుంచి పెళ్లిళ్లకూ జాతరలకూ బాణసంచా చేసే ఇల్లు. లైసెన్సు ఉన్న చిన్న షెడ్డు ఊరికి దూరంగా చేల మధ్యలో ఉండేది. మా మైదానంలో దసరా రాత్రి పేల్చేది అతనే. పొట్టిగా, చురుగ్గా ఉండేవాడు. కనుబొమ్మలు సగమే ఉండేవి. ఎందుకని నేను అడగలేదు.

ఒక ఏడాది దసరా మర్నాడు స్టూడియోకు వచ్చాడు. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టి, కౌంటరు ముందు నిలబడ్డాడు.

"అక్కా, నిన్న ఆఖర్ల ఒక్కటి ఏసిన. దాని ఫొటో తీసినవా?"

"ఏది? ఆఖర్ల మస్తు ఏసినవు గదా."

"పసుపుపచ్చది కింద, దాని మీద తెలుపు, దాని మీద గులాబి, కొసకు ఎర్రది. బతుకమ్మ."

నాకు అప్పుడు అర్థమైంది. ముందురోజు రాత్రి ఆకాశంలో ఏదో వరసలుగా విచ్చుకోవడం చూశాను కానీ అది బతుకమ్మ అని తట్టలేదు. అతను వివరంగా చెప్పాడు. నాలుగు గొట్టాలు, ఒకటే వత్తి. మొదటి గుండు తక్కువ ఎత్తులో వెడల్పుగా విచ్చుకుంటుంది, తంగేడు పువ్వు రంగులో. అది ఆరకముందే దాని పైన గునుగు తెలుపు, ఆ పైన ఇంకొంచెం చిన్నగా గులాబి, అన్నిటికన్నా పైన పిడికెడంత ఎరుపు. సద్దుల బతుకమ్మ నాడు తాంబాళంలో పూలు ఎట్లా పేరుస్తారో అట్లా. రెండేళ్లుగా దాని కోసమే తిప్పలు పడుతున్నాడట.

"మరి నువ్వు చూసినవ్ గదా, ఎట్లొచ్చింది?" అన్నాను.

అతను నవ్వాడు. "నేనేడ చూత్తనక్కా! వత్తి అంటిచ్చి ఉరుకుడే. గొట్టం ధన్నుమన్నదంటే తలకాయ కిందికి, రెండు చేతులు చెవుల మీదికి. మా బాపు నేర్పిన మొదటి పాఠమే గది. తలకాయ లేపేసరికి ఏముంటది, పొగ. ఈ జన్మల నేను ఏసినదాన్ని నేను చూడలే."

అతనికి ఆ ఫొటో ఎందుకు కావాలో ఇంకా చెప్పలేదు. నేను ప్రింటు తీసి చూపించాను. అంతకుముందు దాన్ని చూసి శంకర్ సారు మెచ్చుకున్నారు. "నిండుగా ఉన్నది" అన్నారు. యాదగిరి వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"ఏమనుకోకక్కా. గిది చీపురు లెక్కున్నది."

నిజంగానే చీపురే. నేను షట్టరు తెరిచి, ఇంకా వస్తాయి, ఇంకా వస్తాయి అని అలాగే పట్టుకున్నాను. పసుపు రవ్వలు రాలుతూ కిందికి గీతలు గీశాయి. తెలుపు, గులాబి వాటి మీద పడి కలిసిపోయాయి. మధ్యలో ఎవరో మేడ మీద నుంచి వదిలిన రాకెట్టు అడ్డంగా దూసుకుపోయింది. అన్నీ ఒకే ఫ్రేములో చేరి ఆకాశం నిండింది, బతుకమ్మ పోయింది.

కొత్తవాళ్లంతా చేసే తప్పు ఇదే. ఇప్పటికీ నాకు వచ్చే ఫొటోల్లో ముప్పావు వంతు చీపుర్లే. ఎక్కువసేపు తెరిస్తే ఎక్కువ వస్తుందనుకుంటారు. ఎక్కువ రావడం వేరు, కనబడడం వేరు. గొట్టం మోగగానే తెరవండి. పువ్వు పూర్తిగా విచ్చుకుని, రవ్వలు తలవంచడం మొదలుపెట్టగానే మూసేయండి. ఆ తలవంపు పట్టుకోవడమే ఈ పనిలో సగం.

అడుగు నుంచి చూసినవాళ్లు

అప్పుడు చెప్పాడు తను ఎందుకు వచ్చాడో. కమిటీ వాళ్లు పిలిచి మాట్లాడారట. ఆఖరిది ఏమిటో అర్థం కాలేదు, రంగులన్నీ కలగాపులగం అయ్యాయి, జనం కూడా ముగింపు బాగా లేదన్నారు అని. బయటి నుంచి పెద్ద కంపెనీ వాళ్లను పిలిస్తే మీట నొక్కి అంతా పేల్చేస్తారట. "ఇంకో రెండేండ్లు చూస్తం యాదగిరీ" అన్నారట.

"ఫొటో ఉంటే సూపిత్తనంటి. నిజంగ కలగాపులగం అయితే చెప్పక్కా, మానుకుంట. కని బతుకమ్మనే అయితే మాత్రం..." అని ఆగాడు.

అది బతుకమ్మ అవునో కాదో చెప్పగలిగిన మనిషి ఆ మైదానంలో ఎవరూ లేరు. చేసినవాడు తల దించుకుని ఉన్నాడు. కమిటీ వేదిక మీద ఉంది, ఆ వేదిక గొట్టాలకు బాగా దగ్గర. నేను కళ్లతో చూసి కూడా గుర్తుపట్టలేదు. నా చేతిలో చీపురు ఉంది.

ఆ తర్వాతి దసరాకు సిద్ధపడి వెళ్లాను. చేతి గడియారం చూసుకుని, గొట్టం మోతకూ పువ్వు విచ్చుకోవడానికీ మధ్య ఎంత సమయం పడుతుందో ముందు పేల్చినవాటితో లెక్క కట్టుకున్నాను. వేలు కేబుల్ మీద ఉంది. ఆఖరిది మొదలైంది. సరిగ్గా తెరిచాను, సరిగ్గా మూశాను. రీలు కడిగితే మేఘంలో నాలుగు రంగు దీపాలు. అంతకుముందు పేల్చిన వాటన్నిటి పొగ గాలికి కొట్టుకొచ్చి నా ముందు నిలబడింది. గాలి ఎటు ఉందో నేను చూసుకోలేదు.

యాదగిరి ఆ ప్రింటు చూసి కౌంటరు మీద బోర్లా పెట్టాడు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. "వచ్చే ఏడు ఆఖరుదట అక్కా" అని మాత్రం అన్నాడు. "వాళ్లు కంపెనీ వాళ్లతోని మాట్లాడుకున్నరు. నేను కూడ ఒక్కటే బతుకమ్మ చేస్త. రెండోది చేసే సత్తువ లేదు."

"ఒక్కటి చాలు" అన్నాను. ఆ మాట అన్నాక నాకు నిద్ర పట్టలేదు.

దూది, జంపఖానా, నల్ల అట్ట

ఆ ఏడాది నేను నేర్చుకున్నవి మూడు. నలభై ఏళ్ల పనిలో అంతకన్నా ఎక్కువ ఏమీ నేర్చుకోలేదేమో అనిపిస్తుంది.

మొదటిది దూది. దసరా నాటికి మా దగ్గర పత్తి తీత మొదలవుతుంది. ఎనుమాముల మార్కెట్టుకు పోయే బండ్ల నుంచి దూది పింజలు రోడ్డు మీద రాలుతాయి. ఆ పింజలు ఎటు దొర్లుతున్నాయో చూస్తూ ఆటోలో పోతుంటే, ఇంతకాలం ఇది ఎందుకు తోచలేదా అనిపించింది. చిటికెడు దూది సంచిలో వేసుకున్నాను. మైదానంలో ఎత్తుగా చెయ్యి చాచి వదిలితే చాలు, పొగ ఎటు పోతుందో దూది ముందే చెబుతుంది. గాలి మన వీపు నుంచి గొట్టాల వైపు పోవాలి. ఇప్పుడు ఫోన్లో గాలి చూపించే బొమ్మలున్నాయి. అవి జిల్లా గాలి చెబుతాయి. దూది మనం నిలబడ్డ చోటి గాలి చెబుతుంది.

రెండోది జంపఖానా. మైదానంలో డప్పులు మోగుతాయి, వేలమంది అడుగులు నేలను వణికిస్తాయి. స్టాండు ఎంత గట్టిదైనా ఆ వణుకు కాళ్ల గుండా కెమెరాకు పాకుతుంది. పువ్వు రెక్కలు జంటలు జంటలుగా వస్తాయి. కొత్తవాడలో మా ఇంటి పక్క మగ్గం నేసే అమ్మను అడిగి ఒక జంపఖానా ముక్క తెచ్చుకున్నాను. నాలుగు మడతలు వేసి స్టాండు కాళ్ల కింద పెడితే వణుకు తగ్గింది. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రంగు పోయింది, పని పోలేదు.

మూడోది నల్ల అట్ట. ఫొటో పేపరు పెట్టెలో వచ్చే అట్ట. షట్టరు తెరిచే ఉంచి, అక్కర్లేని వెలుగు వచ్చినప్పుడు లెన్సు ముందు అట్ట అడ్డం పెట్టాలి, తాకకుండా. కావలసినప్పుడు తీయాలి. చుట్టుపక్కల మేడల మీద నుంచి రాకెట్లు వదిలే పిల్లలను మనం ఆపలేం. వాళ్ల రాకెట్టును మన ఫ్రేములోకి రాకుండా మాత్రం ఆపగలం. ఇంట్లో గోడ మీద టార్చిలైటు వేయించుకుని సాధన చేశాను. మా ఆయన టార్చి పట్టుకుని, "గిది ఏం పిచ్చే నీకు" అని విసుక్కుంటూనే వెలిగించేవాడు, ఆర్పేవాడు.

ఇక ఎక్కడ నిలబడాలి? ఇది అన్నిటికన్నా నెమ్మదిగా అర్థమైంది నాకు. ఆ ఏడాది సద్దుల నాడు మా వాడలో బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నాం. చప్పట్లు కొడుతూ వంగి లేస్తుంటే, నా కళ్లు బతుకమ్మ నడుముకు సరిగ్గా ఎదురుగా వచ్చాయి. వరస మీద వరస, ఎంత స్పష్టంగా! బతుకమ్మను మనం పక్క నుంచే కదా చూస్తాం. తాంబాళం అడుగు నుంచి చూస్తే ఏం కనబడుతుంది? వేదిక మీద పెద్దలు చూసింది అదే. నేను నిలబడ్డదీ వాళ్లకు దగ్గరలోనే, ఎందుకంటే కెమెరావాళ్ల చోటు అక్కడే కేటాయించారు.

ఆ దసరాకు కెమెరావాళ్ల చోటు వదిలేసి, మైదానానికి పక్కగా ఉన్న గుట్ట వాలు మీదికి ఎక్కాను. శంకర్ సారుకు కోపం వచ్చింది.

"గక్కడికెళ్లి వేదిక కనవడదు గదమ్మా!"

"వేదిక మీరు తీస్తున్నరు గదా సారు."

"కమిటీ వాళ్లు అడిగితే ఏం చెప్పాలె నేను?"

"గుట్టెక్కిందని చెప్పుండ్రి."

దూది వదిలాను. గాలి నా వీపు నుంచి పోతోంది. జంపఖానా పరిచాను. వాలు మీద నా ముందు కూర్చున్న ఒక కుటుంబం తలలు ఫ్రేము అడుగున వచ్చేలా పెట్టుకున్నాను. రావణుడు కాలాడు. బాణసంచా మొదలైంది. ముందు వచ్చినవాటిని నేను తీయలేదు, చూశాను. ప్రతి గొట్టం మోతకూ లోపల లెక్క పెట్టుకున్నాను.

ఆఖరుకు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ధన్నుమంది.

తెరిచాను. పసుపు విచ్చుకుంది, మైదానమంత వెడల్పుగా. మేడ మీద నుంచి ఒక రాకెట్టు లేచింది. అట్ట అడ్డం పెట్టాను, అది దాటిపోగానే తీశాను. తెలుపు. గులాబి. పైన ఎరుపు, కుంకుమ బొట్టంత. పసుపు రవ్వలు తల వంచబోతున్నాయి. మూసేశాను.

నా ముందు కూర్చున్న ముసలామె పక్కనున్న కోడలితో అంది: "అవ్వో, బతుకమ్మనే!"

 రీలు కడగకముందే నాకు తెలిసింది.

కమిటీ ముందు

ప్రింటు పెద్ద సైజులో వేశాను. కమిటీ పెద్ద నారాయణ సారుకు బజారులో ఇనుప సామాన్ల దుకాణం ఉంది. దుకాణంలోనే ఆయనతో పాటు కమిటీవాళ్లు మరో ఇద్దరు కూర్చున్నారు. యాదగిరి గడప దగ్గర నిలబడ్డాడు. అతను కూడా ప్రింటు చూడలేదు అప్పటికి. ముందు వాళ్లకే చూపించు అక్కా, నేను ముందే చూస్తే నా ముఖం చూసి వాళ్లు మొహమాటపడతరు అన్నాడు.

నారాయణ సారు కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశారు. "ఎక్కడిదమ్మా గిది?"

"మనదే సారు. మొన్నటిదే."

"మా నెత్తి మీద పేలిందేనా?"

"అదే."

"మరి మాకు గిట్ల కనవడలేదేంది?"

"మీరు బతుకమ్మను అడుగుకెళ్లి చూసిన్రు సారు" అన్నాను.

 ముందుగా నవ్వింది నారాయణ సారే. "ఇన్నేండ్ల నుంచి తాంబాళం కింద కూసున్నమా మనం! ఏమయ్యా యాదగిరి, నోట్లె నాలుక లేదా, చెప్పొద్దా?"

"నేను చూసుంటే కదా సారు చెప్పెటందుకు."

ఆయన ఫొటో మళ్లీ చూసి, పక్కవాళ్లకు ఇచ్చి, "వేదికను పక్కకు జరుపుండ్రి వచ్చే ఏడు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పుండ్రి" అన్నారు. అంతే. కమిటీలతో పని చేసిన అనుభవంలో ఇంత తొందరగా తేలిన విషయం నాకు ఇంకోటి గుర్తు లేదు. తప్పు ఎక్కడుందో కళ్లకు చూపిస్తే చాలామంది పెద్దలు మంచివాళ్లే. వాదిస్తే కారు.

బయటికి వచ్చాక యాదగిరి చేతికి ప్రింటు ఇచ్చాను. రోడ్డు పక్కన, ఆటోల మోత మధ్య, నిలబడే చూశాడు. తను చేసినదాన్ని మొదటిసారి చూడడం. ఏడుస్తాడేమో అనుకున్నాను. అతను వేలితో పసుపు వరస అంచు వెంట గీసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఎడమ దిక్కు తంగేడు తక్కువ వడ్డది" అన్నాడు. "చూడు, సాపుగ లేదు. గుండు కట్టినప్పుడు అటు పలుచగైంది."

ఆ క్షణంలో అతని మీద నాకు కలిగిన గౌరవం మాటల్లో చెప్పలేను. మచ్చలు పూడ్చే పెన్సిలు ఇంకా నా దగ్గరే ఉంది, ప్రింటు మీద ఎడమ వైపు నిండుగా చేయగలిగేదాన్ని. చేయలేదు, చేసి ఉంటే అతనికి ఆ ఫొటో పనికొచ్చేది కాదు. మీకు నేను గట్టిగా చెప్పేది ఇది: కంప్యూటరులో రెండు పువ్వులు కలిపి ఒకటి చేయకండి, లేని రంగు పూయకండి. ఆ పువ్వు చేసినవాడు ఎక్కడో తల దించుకుని ఉంటాడు. వాడికి మీ ఫొటో తప్ప వేరే కన్ను లేదు.

మరుసటి ఏడాది ఎడమ వైపు నిండింది. ఆ పై ఏడాది గులాబి కొంచెం పైకి జరిగింది. ప్రతి దసరా మర్నాడు జమ్మి ఆకుతో వచ్చి, టీ తాగుతూ ప్రింటులో తప్పులు వెతికేవాడు. నా తప్పులూ చెప్పేవాడు.

తెర వైపు చూడకండి

డిజిటల్ వచ్చాక పని సులువైంది, నేను దాన్ని తిట్టను. రీలులో ముప్పై ఆరే ఉండేవి, ఇప్పుడు లెక్కే లేదు. కానీ కొత్తవాళ్లను చూస్తుంటాను. ఒకటి నొక్కగానే తల వంచి వెనక తెరలో ఎలా వచ్చిందో చూసుకుంటారు. ఆలోపు ఇంకొకటి పూసి రాలిపోతుంది. బాణసంచా ముందు కెమెరావాడి తల ఎత్తే ఉండాలి. వచ్చినవి ఇంటికి పోయాక చూసుకోవచ్చు.

ఇంకొకటి. మొదట్లో వచ్చే పువ్వులను నిర్లక్ష్యం చేయకండి. అప్పుడు పొగ ఉండదు, ఆకాశం కడిగినట్టు ఉంటుంది. ఆఖర్లో అన్నీ ఒకేసారి పేలుస్తారు, చూడడానికి అదే గొప్పగా ఉంటుంది. ఫొటోలో తెల్లగా మాడిపోతుంది. రంధ్రం ఇంకా చిన్నది చేసుకోండి, లేదా కెమెరా వదిలేసి చూడండి. రెండోది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

రెండోది

నేను స్టూడియో పని మానేసి కొన్నేళ్లయింది. యాదగిరి మోకాళ్లు కూడా ఉరకడం మానేశాయి. ఇప్పుడు మైదానంలో అతని కూతురు రజిత పని చూస్తుంది. వత్తి ముట్టించి ఉరికే పని లేదు, దూరంగా కూర్చుని తీగల పెట్టె మీద మీట నొక్కుతుంది. బతుకమ్మను మాత్రం తండ్రి చెప్పినట్టే, షెడ్డులో చేత్తో కడుతుంది.

పోయిన దసరాకు రజిత నాకు ఫోన్ చేసింది. "అత్తమ్మా, ఈసారి బాపును గుట్ట మీదికి తీస్కపో. కింద నా ఎంబటి ఉంటే మళ్ల తలకాయ దించుకొని కూసుంటడు. ఒక్కసారన్న చూడనియ్యి."

తీసుకెళ్లాను. వాలు మీద ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఎక్కాం. పాత కెమెరా తీసుకెళ్లకుండా ఉండలేకపోయాను. జంపఖానా పరిచి స్టాండు నిలబెట్టి, మిగతా సగం మీద అతన్ని కూర్చోబెట్టాను. దూది వదిలితే అతను నవ్వాడు. "ఇంక ఇడువలేదా అక్కా నువ్వు దూది!"

"నువ్వు ఇడిసినవా?"

ముందువి చిన్న గొట్టాలవి, మోతా చిన్నదే, అవన్నీ చూశాడు. పిల్లాడిలా కాదు, మేస్త్రీలా. "గిది కొన్నది, మనది కాదు. గిది మనదే. గిది జర లేటుగ విచ్చింది." ఆఖరుకు నిశ్శబ్దం అయింది. "యాదగిరీ, ఇగో, ఇప్పుడే. పైకి చూడు" అన్నాను.

ధన్నుమంది. నేను తెరిచాను. పసుపు, తెలుపు, గులాబి, ఎరుపు. మూశాను. పక్కకు చూస్తే యాదగిరి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు.

తల ఎత్తేసరికి పొగ ఉంది.

"అయ్యిందా?" అన్నాడు.

"అయ్యింది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. ముందు కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. "ఏం చేత్తనక్కా, గంత పెద్ద మోత ఇనవడంగనే అవే వోతయి చేతులు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఫికర్ లేదు తియ్. నువ్వు తీసినవ్ గదా. రేపు చూత్త."

నా ఫోన్ మోగింది. రజిత.

"చూసిండా అత్తమ్మా?"

"లేదు బిడ్డా. తలకాయ దించిండు."

"నాకెరుకే!" అటు నుంచి నవ్వు వినిపించింది. "అందుకే రెండు కట్టిన. కమిటీ వాళ్లకు చెప్పి ఇంకోటి ఆపిన. జర చేతులు పట్టుకో బాపుయి. పట్టుకున్నవా?"

ఫోన్ జంపఖానా మీద పెట్టాను. కేబుల్ వదిలేశాను. యాదగిరి వైపు తిరిగి అతని రెండు చేతులనూ నా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. మొరటుగా, కాలిన మచ్చలతో ఉన్నాయి. "ఏందక్కా?" అంటున్నాడు. గొట్టం మోగింది. ఆ చేతులు చెవుల వైపు పోవడానికి ఎంత బలంగా గుంజాయంటే, నేను పడబోయాను. వదల్లేదు.

"చూడు!" అన్నాను.

చూశాడు. అతని ముఖం మీద ముందు పసుపు పడింది, తర్వాత తెలుపు. గులాబి పడేసరికి చేతులు గుంజడం మానేశాయి. ఎర్రది కొసకు వెలిగి, రవ్వలు తలవంచి, ఆరిపోయేదాకా రెప్ప వేయలేదు.

"సాపుగనే ఉన్నదక్కా" అన్నాడు మెల్లగా. "రెండు దిక్కులు సాపుగనే ఉన్నది."

ఆ రాత్రి మొదటి బతుకమ్మ ఫొటో బాగా వచ్చింది. వెనక తేదీ వేసి అతనికి ఇచ్చాను. రెండోదాని ఫొటో లేదు.